మన కజ్జికాయ, యూదుల పండుగ వంట

గత దీపావళినాడు మా మనుమరాలు వంటింటి గడపలో కూర్చుండి, "తాతా, సోమాసి చాలా బాగుంది" అన్నది. "అది కజ్జికాయ, అమ్మా" అని మేమంటిమి. "కజ్జికాయ అంటే ఏమిటి?" అని ఆ పిల్ల అడిగినది. కజ్జికాయను చేతిలో నుంచుకొనియే అట్లడుగుటచే మాకు వెంటనే మాట రాలేదు. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము.

కజ్జికాయ ఎట్లుండునో మన యిండ్లలో వేరుగా చెప్పనక్కరలేదు. పిండిని గట్టిగా కలిపి, చిన్న పూరీవలె ఒత్తి, నడుమ కొబ్బరికోరు, బెల్లము, ఏలకుల పొడి కూర్చిన పూర్ణమునుంచి, చంద్రవంకవలె మడతురు. కొందరు నువ్వులను, మరికొందరు వేయించిన గసగసాలను చేర్తురు. పనియంతయు అంచులో నున్నది. తడిచేతితో అంచును చక్కగా నొక్కి మెలి పెట్టవలెను. ఎక్కడైన విడినచో పూర్ణము నూనెలో చెదరి మాడును, తక్కిన వాయియు నల్లబడును. మా తల్లిగారు అంచు మెలిపెట్టు పనిని పిల్లల చేతికి ఇచ్చెడివారు కారు.

ఈ వంటను మరాఠీవారు కరంజి యనియు, కన్నడిగులు కర్జికాయి యనియు, ఉత్తరాదివారు గుజియా యనియు అందురు. తమిళులు సోమాసి యందురు. ఇది మన యొక్కరి సొత్తు కాదు. కాని కజ్జికాయ యను పేరు మన పెద్దలు తమ నోట వెంట తెచ్చుకొన్నది.

ఆ పెద్దలు వచ్చి నాలుగు వందల యేండ్లు దాటినది. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును నెలకొల్పెను. విజయనగర కాలమునుండియు, నాయకుల యేలుబడిలోను, సేనలతోపాటు సేద్యగాండ్రును, నేతగాండ్రును, వర్తకులును దక్షిణమునకు వచ్చిరి. కొంగునాటి నల్లరేగడి నేలలలో పెక్కు కుటుంబములు స్థిరపడి ప్రత్తి పండించినవి. మధురలో తెలుగు కొలువుభాషగా వెలసినది. విజయరంగ చొక్కనాథుని కాలమున (1706–1732) సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు అహల్యాసంక్రందనమును రచించెను. 1736లో రాణి మీనాక్షితో ఆ రాజ్యము ముగిసినది. కొలువు పోయినను తెలుగు మన యిండ్లలో నిలిచినది.

ఇచ్చట యూదుల వృత్తాంతము కొంత తలంపదగినది. వారును దేశములు పట్టి చెదరిన జనమే. పారసీక రాజు మంత్రియైన హామాను తమ జాతిని రూపుమాపజూడగా ఎస్తేరు రాణి కాపాడెనని చెప్పి, వారు ఫాల్గుణ ప్రాంతమున పూరీము పండుగ జరుపుదురు. ఆనాడు ఎస్తేరు కథ చదువుదురు. యూరపు యూదులు హామాన్ తాషెన్ అను ముక్కోణపు పూర్ణపు వంట చేయుదురు. గసగసాల పూర్ణము దానికి ప్రసిద్ధము. జర్మను నాటి గసగసాల సంచి యను పొరుగువారి వంటకే వారు హామాను పేరు తగిలించిరని పండితులందురు.

మన దేశమునందును యూదులు కలరు. కొచ్చిన్‌లోని పరదేశి యూదుల ప్రార్థనా మందిరము 1568లో కట్టబడినది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయేలువారు గానుగలాడించి బ్రదికిరి. శనివారము పని మానుటచే ఊరివారు వారిని శనివారపు తేలీలనిరి. వారి భాష మరాఠీ. వారి పండుగ వంటలలో మన కజ్జికాయ తోబుట్టువైన కరంజి కలదు. 1948 తరువాత వీరిలో పెక్కుమంది ఇజ్రాయేలునకు తరలిపోయిరి.

యూదులు పొరుగువారి వంటకు తమ కథను కట్టి, ఏటేట పిల్లలకు చెప్పి నిలుపుకొనిరి. మనమో, తాతలనాటి వంటను చేయుచునే దాని పేరు విడిచిపెట్టుచున్నాము. ఇందులో తమిళుల తప్పు లేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. 2006 నాటి చట్టముచే అది తమిళనాట బడులలో తప్పనిసరి పాఠ్యమైనది; పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. కాని బడిలో తెలుగు తగ్గినకొలది ఇంటిలో దాని పాలు పెరుగవలెను. మేము ఉద్యోగ కాలమంతయు ఆంగ్లమున లెక్కలు వ్రాసి, వీధిలో తమిళము మాటాడి, ఇంటికి వచ్చిన పిమ్మట పత్రిక చాటున కూర్చుంటిమి. మనుమరాలి ప్రశ్నలో మా పాలును కలదు.

కావున తల్లులకును, మాబోటి తాతలకును మా మనవి యొక్కటే. రాబోవు దీపావళికి పిల్లలను పొయ్యికి దూరముగా, పీట దగ్గరగా కూర్చుండబెట్టుడు. ఒక్కొక్క పూరీ వారి చేతికిచ్చి అంచు మెలిపెట్టుట నేర్పుడు. కొన్ని విడిపోయి నూనె పాడగును, పోనిండు. ఆ పని జరుగునంతసేపు ఇది కజ్జికాయ యనియు, మన పెద్దలు ఏ దారిని వచ్చిరో, ఏ నేల దున్నిరో తెలుగున చెప్పుడు. మా యింట ఈ యేడు అట్లే చేయ నిశ్చయించితిమి.