అసెంబుల్డ్ పీసీలో మెయిల్ ఆగిందా.. స్క్రీన్ బ్లాంక్ అయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూస్కోండి!

తాండూరులో బండల లోడు కదలాలంటే ముందు కొటేషన్ వెళ్లేది మెయిల్‌లోనే. కందిపప్పు మిల్లుకు ఆర్డర్ వచ్చేదీ, జీఎస్టీ నోటీసు వచ్చేదీ ఆ మెయిల్‌కే. అలాంటి కంప్యూటర్ పొద్దున్నే ఆన్ చేస్తే ఔట్‌లుక్ తెల్లగా నిలబడిపోతుంది. లేదంటే అసలు స్క్రీనే రాదు. అప్పుడు వినపడే మాట ఒక్కటే.. "ఫార్మాట్ కొట్టాలన్నా, వేరే దారి లేదు". చాలాసార్లు వేరే దారి ఉంటుంది. తొందరపడి ఫార్మాట్ కొట్టిస్తే మాత్రం ఏళ్ల తరబడి దాచుకున్న మెయిల్స్ గల్లంతయ్యే ప్రమాదం ఉంది.

వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే డెస్క్‌టాప్‌లలో అసెంబుల్డ్ పీసీలు చాలానే. సికింద్రాబాద్ సీటీసీలో బోర్డు ఒక షాపులో, ప్రాసెసర్ ఇంకో షాపులో, గ్రాఫిక్స్ కార్డు మరో చోట కొని బిగించుకున్నవి. ధర కలిసొస్తుంది నిజమే. అయితే చెడిపోయినప్పుడు ఫోన్ చేయడానికి ఒక కంపెనీ అంటూ ఉండదు. ఏ పార్టు పాడైందో ముందు మనకే తెలియాలి. లేకపోతే మొత్తం డబ్బా ఎత్తుకొని రైలెక్కాల్సిందే.

మీ మెయిల్ అసలు ఎక్కడ ఉంది?

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి మెయిల్ సాఫ్ట్‌వేర్‌లకు రెండు పద్ధతులు ఉంటాయి. ఐమ్యాప్ పద్ధతిలో మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి, కంప్యూటర్‌లో కనిపించేది వాటి నకలు. పాప్ పద్ధతిలో అలా కాదు. మెయిల్ కంప్యూటర్‌లోకి దిగుతుంది, సెట్టింగ్‌ను బట్టి సర్వర్‌లో డిలీట్ కూడా అయిపోతుంది. అంటే మీ దగ్గర ఉన్నదే ఒరిజినల్. కంపెనీ పేరుతో సొంత డొమైన్ మెయిల్ పెట్టుకున్న పాత ఆఫీసుల్లో పాప్ సెట్టింగ్ ఇప్పటికీ కనిపిస్తుంది.

తేల్చుకోవడం సులువే. ఫోన్‌లో గానీ, వేరే కంప్యూటర్ బ్రౌజర్‌లో గానీ అదే మెయిల్ ఓపెన్ చేసి రెండు, మూడేళ్ల కిందటి మెయిల్ కోసం వెతకండి. కనిపిస్తే భయం లేదు. ఈ మధ్యవి మాత్రమే కనిపించినా, ఏమీ లేకపోయినా.. మిగతావన్నీ ఆ పీసీ డిస్క్‌లోనే ఉన్నట్టు లెక్క.

ఔట్‌లుక్‌లో అవి పీఎస్టీ అనే ఫైల్‌లో ఉంటాయి. ఎక్కువగా డాక్యుమెంట్స్‌లోని 'ఔట్‌లుక్ ఫైల్స్' ఫోల్డర్‌లో దొరుకుతుంది. థండర్‌బర్డ్ అయితే యాప్‌డేటా ఫోల్డర్‌లోపల రోమింగ్, అందులో థండర్‌బర్డ్, అందులో ప్రొఫైల్స్. యాప్‌డేటా మామూలుగా కనిపించదు, హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టాలి. ఈ రెండూ ఉండేది సి డ్రైవ్‌లోనే. రిపేర్ చేసేవాళ్లు 'డి డ్రైవ్‌ను ముట్టుకోం, సి ఒక్కటే ఫార్మాట్ చేస్తాం' అని భరోసా ఇస్తుంటారు. అసలు సరుకు ఉన్నది సి లోనే కదా!

విండోస్ ఓపెన్ కాకపోయినా కాపీ తీయొచ్చు. డిస్క్ విప్పి యూఎస్‌బీ కేబుల్‌తో వేరే పీసీకి తగిలించినా చాలు, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినా చాలు. విండోస్ 11 ఉన్న కొన్ని పీసీల్లో డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ లాక్ ఉంటుంది. అప్పుడు రికవరీ కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. షాపులో ఇచ్చేటప్పుడు 'ముందు డేటా కాపీ, తర్వాతే ఫార్మాట్' అని కాగితం మీద రాసివ్వండి. పాత హార్డ్ డిస్క్‌లో ఫార్మాట్ తర్వాత కూడా కొంత వెనక్కి తేవచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ ఆశ దాదాపు లేనట్టే.

నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పాస్‌వర్డ్ అడుగుతోంది

పాస్‌వర్డ్ కరెక్టే, అయినా మళ్లీ మళ్లీ అదే బాక్స్ వస్తోందా? కంప్యూటర్ తప్పు కాకపోవచ్చు. మామూలు పాస్‌వర్డ్‌తో పాత మెయిల్ సాఫ్ట్‌వేర్‌లు లాగిన్ కావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత జీమెయిల్ అకౌంట్లకు ఆపేసింది. మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్ డాట్ కామ్, హాట్‌మెయిల్ అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16 నుంచి అదే పని చేసింది. విండోస్‌తో పాటు వచ్చే 'మెయిల్' యాప్‌కు 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ముగిసింది. కాబట్టి ఆ యాప్‌ను ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు.

జీమెయిల్ అయితే అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 'యాప్ పాస్‌వర్డ్' తీసుకోవాలి. 16 అక్షరాలు వస్తుంది. పాత ఔట్‌లుక్‌లో మామూలు పాస్‌వర్డ్ బదులు దాన్నే కొట్టాలి. ఇన్‌కమింగ్ ఐమ్యాప్ పోర్ట్ 993, అవుట్‌గోయింగ్ 465 లేదా 587. కొత్త థండర్‌బర్డ్‌లో ఈ బాధ లేదు, గూగుల్ లాగిన్ పేజీయే నేరుగా వస్తుంది.

ఇంకో చిన్న చిక్కు ఉంది, అసెంబుల్డ్ పీసీల్లో తరచూ వచ్చేదే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, దాని నంబర్ సీఆర్ 2032. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా పీసీ డేట్ వెనక్కి పోతుంది. డేట్ తప్పైతే సర్వర్ సెక్యూరిటీ సర్టిఫికెట్‌ను కంప్యూటర్ నమ్మదు. మెయిల్ రాదు, బ్యాంక్ సైట్ కూడా ఎర్రర్ చూపిస్తుంది. ఇంటర్నెట్ పోయిందనుకొని రూటర్ మార్చేస్తుంటారు పాపం. ముందు మూలన గడియారం చూడండి. తప్పుంటే బ్యాటరీ మార్చండి, వాచీ షాపులో కూడా దొరుకుతుంది.

మెయిల్స్ వస్తున్నాయి, పంపేవి మాత్రం అవుట్‌బాక్స్‌లో ఇరుక్కుంటున్నాయా? బండల శాంపిల్ ఫోటోలు పది, పదిహేను ఒకే మెయిల్‌లో పెట్టి ఉంటారు. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ లిమిట్ 25 ఎంబీ. అసలు మెయిల్సే రావడం లేదంటే ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిందేమో చూడాలి. అందులో గూగుల్ ఫోటోస్, డ్రైవ్ కూడా కలిసే ఉంటాయి. అలాగే ఔట్‌లుక్ 2010 తర్వాతి వెర్షన్లలో పీఎస్టీ ఫైల్ మామూలుగా 50 జీబీ దాకానే పెరుగుతుంది, దాటితే మొరాయిస్తుంది. ఫైల్ పాడైతే ఔట్‌లుక్‌తో పాటే వచ్చే 'స్కాన్‌పీఎస్టీ' టూల్ ఉంది. దాన్ని నడిపే ముందు కూడా కాపీ తీసుకోవాల్సిందే.

ఔట్‌లుక్ తెల్లబడితే గ్రాఫిక్స్ కార్డునూ అనుమానించాలి

మెయిల్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ఏం సంబంధం అంటారా? ఉంది. ఔట్‌లుక్, థండర్‌బర్డ్, బ్రౌజర్లు అన్నీ స్క్రీన్ మీద బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకుంటాయి. దీన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు. కార్డు డ్రైవర్ చెడితే మెయిల్ విండో తెల్లగానో నల్లగానో మారుతుంది, అక్షరాలు చెదిరిపోతాయి, స్క్రోల్ చేస్తే మినుకుమంటుంది. మెయిల్స్ మాత్రం భద్రంగానే ఉంటాయి.

తెల్లబడినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు కీలు కలిపి నొక్కండి. స్క్రీన్ ఒక్క క్షణం ఆరి వస్తుంది, డిస్‌ప్లే డ్రైవర్ రీస్టార్ట్ అయినట్టు. దాంతో విండో బాగుపడితే దొంగ దొరికినట్టే. ఔట్‌లుక్ 2016, 2019 లాంటి క్లాసిక్ వెర్షన్లలో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే దగ్గర హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను డిసేబుల్ చేసే టిక్ పెట్టి చూడండి. థండర్‌బర్డ్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, పర్ఫార్మెన్స్ దగ్గర ఉంటుంది. కంట్రోల్ కీ పట్టుకొని ఔట్‌లుక్ ఓపెన్ చేస్తే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మాత్రమే బాగా పనిచేస్తే గ్రాఫిక్స్‌ను వదిలేసి యాడ్ఇన్‌లను ఒక్కొక్కటే తీసి చూడాలి.

టిక్ పెడితే పని నడుస్తుంది కానీ రోగం పోదు. డ్రైవర్ సరిచేయాలి. విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైందంటే డివైస్ మేనేజర్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. లేదంటే కార్డు కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించుకొని, పాతది తీసేసి కొత్తది వేయాలి. మన పాత పీసీల్లో కనిపించే జీటీ 710, జీటీ 730 లాంటి కెప్లర్ తరం ఎన్‌విడియా కార్డులకు 2021 తర్వాత కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు లేవు, ఉన్న పాతవాటిలోనే చివరిది వేసుకోవాలి. డ్రైవర్ అప్‌డేట్ చేస్తామంటూ డబ్బులడిగే సాఫ్ట్‌వేర్‌ల జోలికి మాత్రం పోవద్దు.

స్క్రీనే రాకపోతే

ముందుగా వెనకవైపు కేబుల్ చూడండి. మానిటర్ వైరు మదర్‌బోర్డు పోర్టుకు కాదు, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు పెట్టాలి. ఊడ్చేటప్పుడు ఊడితే తిరిగి తప్పు చోట పెట్టేస్తుంటారు. ఇంటెల్ ప్రాసెసర్ నంబర్ చివర 'ఎఫ్' ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు పోర్టులోంచి ఎప్పటికీ బొమ్మ రాదు. ఎఫ్ లేకపోతే మంచి పరీక్ష ఒకటుంది. పవర్ పూర్తిగా తీసి, కార్డు విప్పి, వైరు బోర్డుకు పెట్టి ఆన్ చేయండి. బొమ్మ వస్తే అనుమానం కార్డు మీదా, దానికి వెళ్లే పవర్ మీదా. అప్పుడూ రాకపోతే ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగించండి.

పవర్ సంగతి కూడా చూడాలి. బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకన్నా తాగే కార్డుకు 6 లేదా 8 పిన్నుల వైరు విడిగా పెట్టాలి. గేమ్ స్టార్ట్ చేయగానే పీసీ మొత్తం టక్కున ఆగిపోతే సగటు మనిషి కార్డునే తిడతాడు. 600 వీఏ అని రాసి ఉన్న ఇంటి యూపీఎస్ మోసేది దాదాపు 360 వాట్లే. మానిటర్‌తో కలిపి అది దాటితే యూపీఎస్ చేతులెత్తేస్తుంది.

ఇక తాండూరు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది దుమ్ము గురించి. బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంట్ ఫ్యాక్టరీల పక్కన ఉండే ఇళ్లలో సున్నపురాయి పొడి కార్డు ఫ్యాన్‌లో చేరుతుంది. మామూలు ఇంటి దుమ్ములా ఊదితే పోదు. వానాకాలం తేమ తగిలిందంటే హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిగా అట్టకడుతుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ నొక్కితే జీపీయూ టెంపరేచర్ కనిపిస్తుంది. పని మీద ఉన్నప్పుడు 65 నుంచి 80 డిగ్రీలు మామూలే. 90 దాటుతుంటే శుభ్రం చేయాలి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టండి, తడిగుడ్డ వద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉంటుంది. క్యాబినెట్‌ను నేల మీద కాకుండా టేబుల్ మీద పెట్టుకుంటే సగం దుమ్ము తగ్గుతుంది.

కార్డు మార్చక తప్పదనుకుంటే ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే సెకండ్ హ్యాండ్ వాటితో జాగ్రత్త. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ అవసరం లేకుండా పోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు మార్కెట్లోకి వచ్చాయి. పాత కార్డుకు కొత్త మోడల్ పేరు ఎక్కించి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీపీయూ జెడ్ అనే ఉచిత టూల్ నడిపితే అలాంటి నకిలీ ఎన్‌విడియా కార్డుల పేరు ముందు 'ఫేక్' అని చూపిస్తుంది. కొనేముందు అమ్మేవాళ్ల పీసీలోనే నడిపించి చూడండి. కొత్తదైతే బిల్లు, డబ్బా దాచుకోండి. కార్డు మీది సీరియల్ నంబర్ స్టిక్కర్ చిరిగితే వారంటీ చెల్లదంటారు. బిల్లు ఉండీ వారంటీ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఒకటి మర్చిపోవద్దు. మెయిల్ ఆగిందని 'ఔట్‌లుక్ కస్టమర్ కేర్ నంబర్' అని సెర్చ్ చేస్తే వచ్చే నంబర్లలో మోసగాళ్లవి కలిసి ఉంటాయి. ఎనీడెస్క్ లాంటి యాప్ వేయమన్నారంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే వేసి, డబ్బులు పోయి ఉంటే ముందు ఇంటర్నెట్ వైరు పీకేసి 1930కి కాల్ చేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఫార్వర్డింగ్ సెట్టింగ్‌లో తెలియని అడ్రస్ ఏమైనా చేరిందేమో చూడండి. అలా చేరి ఉంటే మీకొచ్చే ప్రతి ఇన్‌వాయిస్ వాళ్లకూ వెళ్తూనే ఉంటుంది.