ఒక బల్ల – నాలుగు యంత్రములు

వాల్వు రేడియోల నాటి ఇండ్లలో పెరిగినవారికి బ్యాండు మీటను పరిచయము చేయనక్కరలేదు. పెట్టె ఒక్కటే, స్పీకరు ఒక్కటే, సూచికముల్లు ఒక్కటే. మీటను ఒక మెట్టు త్రిప్పిన మీడియం వేవ్, మరియొక మెట్టు త్రిప్పిన షార్ట్ వేవ్. విజయవాడ వినుచున్నవారు మరుక్షణమున సిలోను వినగలిగెడివారు. లోపల ఏ తీగ ఏ తీగనుండి విడివడి దేనితో కలిసినదో వినువారికి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు.

మేమిప్పుడు చెప్పబూనిన విషయము ఆ మీటకు దగ్గర చుట్టము. ఒక కీబోర్డు, ఒక మౌసు, ఒక మానిటరు – ఈ మూడింటిని మాత్రమే బల్లపై నుంచుకొని రెండు గాని, నాలుగు గాని, ఒక్కొక్కచోట పదునారు గాని కంప్యూటర్లను నడుపు పద్ధతి యొకటి కలదు. దాని చరిత్ర చిన్నదే గాని చప్పనిది కాదు.

మాకు దీనిపై ఆసక్తి కలుగుటకు కారణము పుస్తకము కాదు, ఒక పొరపాటు. పేరు చెప్పనక్కరలేని ఒక రేడియో కేంద్రమున మేము సాయంకాలపు విధిలో ఉంటిమి. బల్లక్రింద రెండు కంప్యూటర్లు. ఒకటి రికార్డు చేసిన కార్యక్రమములను ప్రసారమునకు అందించునది. రెండవది ప్రకటనలు వ్రాసికొనునది. రెండింటికిని కలిపి ఒకే కీబోర్డు, ఒకే తెర; నడుమ ఒక చిన్న స్విచ్చి పెట్టె. వయొలిను కచ్చేరి సాగుచుండెను. మరునాటి ప్రకటనలు టైపు చేయుచున్న మేము, కచ్చేరి ఇంకెంతసేపు కలదో చూచుటకు బొత్తాము నొక్కి ప్రసార యంత్రమును తెరపైకి తెచ్చితిమి. చూచితిమి. తిరిగి బొత్తాము నొక్కితిమనుకొంటిమి; నొక్కలేదు. చూపు చేతి కాగితముపై నున్నది, వ్రేళ్లు మీటలపై నున్నవి. మొదటి మాట ముగిసి స్పేసు మీట నొక్కగానే కల్యాణి రాగము నడుమ తెగిపోయినది. ఆ యంత్రమున స్పేసు మీటకు ‘ఆపుము’ అని అర్థము. గదిలో పడిన నిశ్శబ్దము పదకొండు సెకండ్లు. ఆ వారము వచ్చిన ఉత్తరములలో మూడు దానిని గూర్చియే. తప్పు పెట్టెది కాదు, మాది. అయినను ఆ పెట్టె ఏమి చేయుచున్నదో తెలిసికొనవలెనను పట్టుదల ఆనాడే కలిగినది.

చిత్రమేమనగా, కంప్యూటరు చరిత్ర తొలుత దీనికి సరిగా తలక్రిందులుగా నడచినది. ఆ రోజులలో యంత్రము ఒక్కటి, దానికై కాచుకొనువారు పలువురు. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందము ఒకే కంప్యూటరును ఒకేసారి అనేకులు వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. ఎవరి టైపురైటరు ముందు వారు కూర్చుందురు. యంత్రము క్షణములో లేశమాత్రము ఒకరికి, లేశమాత్రము మరొకరికి పంచి, ఎవరికి వారికే తనదను భ్రమను కలిగించును. ఊరికంతటికి ఒకే మంచినీటి బావి యున్నట్లు. తరువాతి ముప్పది యేండ్లలో బావులు చవుకయైనవి. ఒక్కొక్క మనుష్యుని చుట్టు నాలుగేసి బావులు వెలసినవి, కాని చేద మాత్రము ఒక్కటే చాలుననిపించినది.

ఆ చేదలోని మూడు భాగములు మూడు వేర్వేరు ఇండ్ల పిల్లలు. కీబోర్డు అందరిలోను పెద్దది. మిల్వాకీ నగరమునకు చెందిన క్రిస్టఫరు షోల్సు టైపురైటరును రెమింగ్టను వారు 1874లో అమ్మకమునకు పెట్టిరి. దాని మీటల వరుసయే కొద్ది మార్పులతో నేటికిని మన వ్రేళ్లక్రింద నున్నది. తెర రాడారు గదులనుండియు, టెలివిజను గొట్టమునుండియు వచ్చినది. మౌసు కడగొట్టుది. కాలిఫోర్నియాలో డగ్లసు ఎంగెల్బర్టు ఊహించగా, బిల్ ఇంగ్లీషు అను ఇంజనీరు 1964లో చెక్కదిమ్మెను తొలిచి, అడుగున రెండు చక్రములు బిగించి దానిని తయారుచేసెను. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్బర్టు సభాముఖమున దానిని జరుపుచు తెరపై గురుతును నడిపించి చూపెను. 1973లో జిరాక్సు వారి పరిశోధనశాలలో తయారైన ఆల్టో యంత్రమున మూడును ఒక కాపురము పెట్టినవి. 1984లో మాకింటాషు ఆ కాపురమును బజారులో అందరికిని చూపినది.

మన కథకు వీనికన్న ముఖ్యమైన సంవత్సరము 1987. ఆ యేడు ఏప్రిలులో ఐ.బి.ఎం. వారు పి.ఎస్.2 అను కంప్యూటర్లను విడుదల చేసిరి. యంత్రములు అంతగా నిలువలేదు గాని, వాని వెనుక నున్న రంధ్రములు నిలిచినవి. కీబోర్డుకు, మౌసుకు ఆరేసి సూదులున్న చిన్న గుండ్రని రంధ్రములు. మానిటరునకు పదునైదు సూదుల వి.జి.ఎ. రంధ్రము. ఇతర కంపెనీలవారును వానినే అనుకరించిరి. ఏ కంపెనీ కీబోర్డయినను ఏ కంపెనీ కంప్యూటరునకైనను అతుకునట్లయినది. అతుకు రెండు చోట్ల సమానమైనపుడు నడుమ మూడవవాడు దూరుటకు వీలగును. స్విచ్చి పెట్టె అట్టి మూడవవాడు.

అవసరము మాత్రము తరువాతి దశాబ్దిలో వచ్చినది. అంతకుముందు పెద్ద యంత్రములకు పర్యవేక్షణకై ఒక సన్నని తీగయు, దాని చివర ఒక టైపురైటరు వంటి సాధనమును చాలియుండెను. 1993లో మైక్రోసాఫ్టువారి విండోసు ఎన్.టి. వచ్చినపిమ్మట ఆఫీసులు ఇంటి కంప్యూటరు జాతికే చెందిన యంత్రములను సర్వర్లుగా నిలుపసాగెను. అవి బొమ్మల తెర లేనిదే మాటాడవు, మౌసు లేనిదే వినవు. టెలిఫోను ఎక్స్ఛేంజీల కాలమునుండి వచ్చుచున్న పందొమ్మిది అంగుళముల వెడల్పు ఇనుప చట్రములలో వానిని ఒకదానిపై నొకటి పేర్చిరి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మానిటరు నిచ్చిన గది సంగతి ఏమి కావలెను? నాటి మానిటరు గాజుగొట్టముతో కూడిన బరువైన పెట్టె. తన వేడితో గదిని కాచును. ఆ వేడిని చల్లార్చుటకు మరల విద్యుత్తు కావలెను. పైగా ఇరువది తెరలున్నను చూచు కండ్లు రెండే.

మొదటి పెట్టెలు బ్యాండు మీటకు తోబుట్టువులే. లోపల గుండ్రముగా త్రిరుగు మీట. ఏ తీగలను ఏ తీగలతో కలుపవలెనో అదియే. తీగలను మార్చుట సులభమే, కాని కంప్యూటరు రేడియో కాదు. అది తన కీబోర్డుతో ఎడతెగక సంభాషించును. వెలిగించగానే, కీబోర్డు ఉన్నదా యని అడుగును. లేకున్న చాల యంత్రములు ఆగిపోయి, కీబోర్డు దోషము, ముందుకు సాగుటకు ఎఫ్ 1 మీట నొక్కుమని తెరపై వ్రాసెడివి. లేని కీబోర్డుపై మీట నెట్లు నొక్కవలెనో ఆ వ్రాసిన మహానుభావునికే తెలియవలెను! మౌసు చిక్కు మరింత సూక్ష్మమైనది. దానికి విద్యుత్తు తెగి మరల వచ్చినచో, కంప్యూటరు ‘ఇక చెప్పుము’ అని ఆనతి ఇచ్చువరకు నోరు మెదపదు. కంప్యూటరా, తాను ఆనతి ఎప్పుడో ఇచ్చితిననుకొని ఊరకుండును. ఒకరికొరకు ఒకరు కాచుకొని ఇద్దరును మౌనము వహింతురు.

పరకాయప్రవేశము కథలు మన శ్రోతలకు క్రొత్తవి కావు. శంకరులు అమరుకుని దేహమున ప్రవేశించినపుడు ఆయన స్వదేహమును శిష్యులు కాచియుండిరని చెప్పుదురు. రెండవతరము స్విచ్చి పెట్టెలు చేసినది ఆ శిష్యుల పనియే. మనము రెండవ యంత్రమున ప్రవేశించినపుడు మొదటి యంత్రము మన మరణవార్త విని గోలపెట్టకుండ, దాని ప్రతి రంధ్రము వెనుకను ఒక చిన్న చిప్పు కూర్చుండి, ‘నేను కీబోర్డును, ఇచటనే యున్నాను, నేను మౌసును, నేనును ఉన్నాను’ అని బదులు చెప్పుచుండును. పెద్దక్షరముల దీపము వెలుగుచున్నదో లేదో ఏ యంత్రమునకు ఆ యంత్రము లెక్క గుర్తుంచుకొని, మనము తిరిగి వచ్చినపుడు దీపమును మరల ఆ విధముగనే వెలిగించును. ఇంత అబద్ధము ఇంత నమ్మకముగా ఆడు యంత్రము మరియొకటి లేదేమో.

ఈ పెట్టెకు లోకమున నిలిచిన పేరు కె.వి.ఎం. స్విచ్చి. కీబోర్డు, వీడియో, మౌసు అను మూడు మాటల తొలియక్షరములవి. 1995లో ఆ పేరు పెట్టినవాడు సైబెక్సు కంపెనీ స్థాపకుడు రెమీజియసు షాటాసు. ఆ కంపెనీ అమెరికాలో అలబామా రాష్ట్రమందలి హంట్స్‌విల్‌లో నుండెడిది. చంద్రునిపైకి మనుష్యులను మోసికొనిపోయిన శాటరను రాకెట్టు రూపకల్పన జరిగిన ఊరది. 2000లో సైబెక్సు, ఏపెక్సు అను మరియొక కంపెనీతో కలిసి ఏవోసెంటు అయినది.

ఇంకొక చిన్న సంగతి. కీబోర్డు పైవరుసలో స్క్రోల్ లాక్ అను మీట కలదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు కీబోర్డుపై దానికి స్థానము దొరికినది గాని, కాలక్రమమున పని పోయినది. స్విచ్చి పెట్టెలు చేయువారు ఆ నిరుద్యోగికి కొలువిచ్చిరి. పెక్కు పెట్టెలలో ఆ మీటను వెంట వెంట రెండు మారులు నొక్కినచో యంత్రము మారును. బల్లక్రిందికి వంగి బొత్తాము వెదకు పని తప్పినది.

తెలుగు టైపు చేయువారికి ఇందొక వినోదము కలదు. ఏ మీటకు ఏ అక్షరము అను నిర్ణయము కీబోర్డులో లేదు, కంప్యూటరులో నున్నది. కీబోర్డు పంపునది మీట సంఖ్యను మాత్రమే. కనుక ఒక యంత్రమున ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు వరుసను, రెండవదానియందు అచ్చుకూటములవారికి అలవాటైన వేరొక వరుసను పెట్టుకొన్నచో, అదే కీబోర్డు, అదే వ్రేలు, అదే మీట. ఇచ్చట ఒక అక్షరము, అచ్చట మరొక అక్షరము. మా మిత్రుడొకడు రెండు యంత్రములనడుమ తిరిగి తిరిగి ఒక వార్తను సగము చదువదగిన తెలుగున, సగము ఏ భాషయో తెలియని లిపిలో సిద్ధపరచెను. అదృష్టవశమున అది చదువువారి చేతికి వెళ్లకముందే దొరికినది.

తరువాత తీగయే అక్కరలేదనువారు వచ్చిరి. యంత్రములు నాలుగును ఒకే నెట్‌వర్కున నున్నపుడు మీటల సందేశములను దానిలోనే పంపవచ్చును గదా! 2001లో క్రిస్ షోన్‌మన్ వ్రాసిన సినర్జీ అను ప్రోగ్రాము ఆ పని చేసినది. దీనిలో ప్రతి యంత్రమునకు దాని తెర దానికే యుండును; కీబోర్డు, మౌసు మాత్రము ఉమ్మడి. మౌసు గురుతును తెర కుడియంచు దాటించినచో, ప్రక్కయింటి గుమ్మము దాటినట్లు, అది రెండవ కంప్యూటరు తెరపై ఎడమయంచున ప్రత్యక్షమగును. 2011లో మైక్రోసాఫ్టు ఉద్యోగియొకరు అట్టిదే మరియొకటి వ్రాసిరి. 2022లో ఆపిల్ కంపెనీ తన యంత్రములలో దీనిని అంతర్భాగము చేసినది. సొగసైనదే, కాదనము. కాని మా ఇంజనీర్లు స్విచ్చి పెట్టెను నేటికిని వదలలేదు. యంత్రము పూర్తిగా మేల్కొన్నపిమ్మట గాని ప్రోగ్రాము పనిచేయదు. మేల్కొననని మొండికేసిన యంత్రమునకే వైద్యుని అవసరమెక్కువ. పెట్టెకు ఆ చిక్కు లేదు. అంతేగాక సినర్జీ తొలిరూపములలో మీటల సందేశములు ఏ మరుగును లేక నెట్‌వర్కుపై ప్రయాణము చేసెడివి. ఆ త్రోవలో చెవియొగ్గినవానికి సంకేతపదము విప్పిన ఉత్తరము వంటిదే.

రహస్యమను మాట వచ్చినది గనుక ఆ సంగతియు చెప్పవలెను. రక్షణశాఖల వంటి చోట్ల ఒకే బల్లపై రెండు యంత్రములుండును: ఒకటి బయటి లోకముతో కలిసినది, రెండవది ఎన్నటికిని కలియరానిది. రెండింటినడుమ గోడ కట్టి, ఆ గోడకు మనమే పెట్టెయను కిటికీ పెట్టితిమి! పైన మేము మెచ్చుకొన్న దీపములే ఇచ్చట దొంగలు. పెద్దక్షరముల దీపమును వెలిగించుట ఆర్పుట కంప్యూటరు కీబోర్డునకు పంపు సందేశము. ఒక యంత్రము దీపము రూపమున వదలిన గుర్తును మారిన వెనుక రెండవ యంత్రము చదువగలదు. మానిటరులోను ఒక చిన్న జ్ఞాపకపు చిప్పు కలదు. తన వెడల్పు ఎత్తు చుక్కల లెక్కను అది కంప్యూటరునకు విన్నవించును. దానిలో ఒక యంత్రము వ్రాసి మరియొకటి చదువుట అసాధ్యము కాదు. అందువలన ఇట్టి చోట్లకై వేరుగా చేసిన పెట్టెలలో సందేశము కీబోర్డునుండి కంప్యూటరునకే సాగును, వెనుకకు రాదు. దీపములు వెలుగనే వెలుగవు. తొలినాటి మొద్దు మీటకును లేని కట్టడి యిది. ఇన్ని యేండ్లు శ్రమించి పెట్టెకు నేర్పిన తెలివిని, అవసరమైనచోట ఇంజనీర్లే బుద్ధిపూర్వకముగా కోసివేసిరి.

సర్వరు గదులలో నేడు పెట్టెల సంఖ్య తగ్గినది. కీబోర్డును తెరను దూరమునుండియే అందించు చిన్న కంప్యూటరును సర్వర్లలోనే అమర్చుచున్నారు. ఇంజనీరు అర్ధరాత్రి ఇంట కూర్చుండి, చల్లని గదిలోని యంత్రమును పడుకోబెట్టి లేపుచున్నాడు. ఆ చిన్న కంప్యూటరునకు తాళము సరిగా వేయకున్న అదే పని మరియొకడును చేయగలడు. కాని ఇంటిలో పని ఆఫీసు యంత్రము, సొంత యంత్రము రెండును ఒకే బల్లకు చేరినప్పటినుండి రెండు రంధ్రముల చిన్న పెట్టెకు గృహప్రవేశమైనది.

మేము ముందు చెప్పిన కేంద్రమునకు ఇటీవల మరల వెళ్లితిమి. స్విచ్చి పెట్టె అచ్చటనే యున్నది, ప్రకటనల యంత్రమును వార్తల యంత్రమును కలుపుచున్నది. ప్రసార యంత్రమునకు మాత్రము వేరుగా ఒక చిన్న కీబోర్డు నిచ్చిరి. దగ్గరకు పోయి చూచితిమి. దానిపై స్పేసు మీటను ఊడదీసి, ఆ చోట ఎర్రకాగితము అంటించియున్నారు.