లె మోనియే బిలం

చంద్రుడి భూమివైపు ముఖంపై, మారే సెరెనిటాటిస్ అనే లావా మైదానపు తూర్పు అంచున ఉన్న పురాతన ఉల్కాబిలం. వ్యాసం 60 కిలోమీటర్లకు పైమాటే. మైదానాన్ని ముంచిన లావా పడమటి గట్టు మీదుగా లోపలికి పారి, అడుగును చదును చేసింది. మధ్య శిఖరం ఉండి ఉన్నా అది లావా కింద పూడిపోయింది. మిగిలిన గట్టు అరిగిపోయి, అర్ధచంద్రాకారపు అఖాతంలా కనిపిస్తుంది.

ఫ్రెంచి ఖగోళవేత్త పియేర్ షార్ల్ లె మోనియే (1715–1799) పేరు దీనికి పెట్టారు. 1781లో ఖగోళవేత్త హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని గుర్తించకముందే ఆయన దాన్ని పలుమార్లు చూసి, మామూలు నక్షత్రమనుకుని రాసుకున్నాడు!

బిలానికి ఖ్యాతి తెచ్చింది మాత్రం సోవియట్ రోవర్ లూనాఖోద్ 2. 1973 జనవరిలో లూనా 21 వ్యోమనౌక దాన్ని ఇక్కడ దింపింది. భూమి మీది సిబ్బంది రేడియో సంకేతాలతో నడపగా అది దక్షిణపు కొండల అంచుకూ, తూర్పున నేలలోని పొడవైన బీటుకూ వెళ్లి, సుమారు 39 కిలోమీటర్లు తిరిగింది. మే నెలలో ఓ చిన్న గుంట గోడకు రోవర్ తెరిచిన పైమూత తగలడంతో దానిపై మట్టి పడింది. మూత మూసినప్పుడు అది వేడిని వెదజల్లే పలకపై రాలి, యంత్రం అతిగా వేడెక్కి ఆగిపోయింది. భూమికి ఆవల ఏ రోవరూ 2014 దాకా అంత దూరం నడవలేదు. దానిపై అమర్చిన ఫ్రెంచి లేజర్ అద్దాలు చంద్రుడి దూరం కొలవడానికి నేటికీ పనికొస్తున్నాయి.

శుక్ల పంచమి ప్రాంతంలో చిన్న టెలిస్కోపుతోనూ ఈ బిలాన్ని చూడవచ్చు.