నదీమాతృకము, దేవమాతృకము: గోదావరీ మండల చరిత్రమున రెండు మాటలు

అమరకోశమున భూమివర్గము చదివిన విద్యార్థులకు నదీమాతృక దేవమాతృక శబ్దములు పరిచితములే. ఏటి నీటిచే వరి పండు దేశము నదీమాతృకము. వాన నీటిచే పండునది దేవమాతృకము. నది తల్లిగా గలది యని విగ్రహము. ఉత్తరపదము ఋకారాంత మగుటచే బహువ్రీహియందు కప్ అను ప్రత్యయము వచ్చినది. (ఆ ప్రత్యయమును విధించు పాణినీయ సూత్రమున నదీశబ్దము కలదు గాని యది వ్యాకరణ సంజ్ఞయే కాని యేరు కాదు. బాలు రిచట తరచుగా భ్రమపడుదురు.) మన పాఠశాలలలో నింతటితో శ్లోకము ముగియును. ఈ భేదము ప్రకృతిసిద్ధమనియు, కొన్ని సీమలు పుట్టుకచేతనే భాగ్యవంతములనియు నొక భావము మాత్రము చదువరి మనసున నిలిచిపోవును. గోదావరీ మండల చరిత్రము దీని నంగీకరింపదు.

గోదావరీశాఖ లనాదిగా ప్రవహించుచునే యున్నవి. అయినను 1847 నకు పూర్వ మా పాయల నడిమి భూమి పేరునకు మాత్రమే నదీమాతృకము. వరద వచ్చినపుడు నీరు పొలమును ముంచును. వరద తీసినపుడు గట్లకు మిక్కిలి దిగువగా పారి సముద్రమును జేరును. పైరునకు దిక్కు వానయే. 1832-33 లో నందన కరువు వచ్చెను. 1839 లో ఉప్పెన కోరంగి రేవును ముంచెను. 1821 లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగెను. కరు వొక్కటియే దీనికి కారణము గాదు. మాదాపోలము, ఇంజరము మొదలగు చోట్ల కుంఫిణీవారు బట్ట కొనుట మానిరి. సీమ మరబట్ట వచ్చి సాలెవాని మగ్గము నాపెను. మాదాపోలమను గ్రామనామ మాంగ్లభాషలో నొకవిధమగు వస్త్రమునకు పేరై నేటికిని నిలిచియున్నది. ఆ వస్త్రమును నేసినవారి పేరు లెచటను లేవు.

తరువాత ఆర్థరు కాటను పూనికతో 1847 లో ఆనకట్ట పని యారంభమై 1852 లో ముగిసెను. దవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగుచోట్ల నదిని కట్టి, నీటిని కాలువలకు మరల్చిరి. గన్నవరము కడ పాయమీదుగా జలసేతువు కట్టి నగరపు లంకకు సైతము నీ రిచ్చిరి. గోదావరీ స్నాన సంకల్పమున కాటను దొరను స్మరించు పురోహితులు కలరని లోకమున ప్రసిద్ధి. అందు నాకు దోషము గానరాదు. నదిని తల్లిగా జేసినవానిని తలచుట యుచితమే.

కాని కాలువ నీరు పల్లమునకే పారును. కాలువమట్టమునకు దిగువ నున్నది పల్లమయ్యెను. ఎగువ నున్నది మెట్టగానే మిగిలెను. తుని, పెద్దాపురము వైపు పొలములు చెరువును వానను నమ్ముకొని జొన్నలు, గంటెలు పండించుచునే యుండెను. ఒకే మండలము, ఒకే కలెక్టరు, ఒకే భాష. నడుమ నొక కాలువగట్టు. ఇటువైపు ఎకరము వెల పెరిగెను, అటువైపు పెరుగలేదు. ఇటువారి పిల్లలు రాజమహేంద్రవరమునకును కాకినాడకును చదువులకు బోయిరి. కావున నా రెండు శబ్దములు దేశస్వభావమును గాక, నీటిపై నధికార మెవరిదో దానిని దెలుపునవని నా తలంపు.

1876-78 నాటి ధాత కరువున నిది మఱింత స్పష్టమయ్యెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములలో జనులు లక్షలకొలది నశించుచుండగా గోదావరీ కృష్ణా డెల్టాల ధాన్యము హెచ్చు వెలకు అమ్ముడుపోయెను. దత్తమండలములని పిలువబడు నా సీమ 1928 లో నంద్యాల సభయందు రాయలసీమ యను పేరు పొందెను; 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో నీటిని గూడ నడిగెను.

భాషావిషయమున నొక మాట. వ్యావహారిక వాదము నాట శిష్టుల వాడుక ప్రమాణమనిరి. కాలక్రమమున పత్రికలలోను పుస్తకములలోను ప్రమాణమై నిలిచినది కృష్ణా గోదావరీ మండలముల చదువరుల వాడుకకు దగ్గరిది. పతంజలి మహాభాష్యమున శిష్టుడనగా కుంభెడు ధాన్యము మాత్రమే గలవాడు, లోభము లేనివాడు. మనకు గాదెలు నిండిన సీమ భాషయే శిష్టభాష యయ్యెను! గిడుగువారి వాదమును నే నిచట ఖండింపను. ప్రమాణభాషకును కాలువనీటికిని గల సంబంధము విచారణీయ మని మాత్రమే నా మనవి.

ఇక పల్లపు సీమలోనే గల భేదము. కాలువలు త్రవ్వినవారు, నాట్లు వేసినవారు, కుప్పలు నూర్చినవారు పెక్కండ్రు మాల మాదిగలు, తదితర కూలిజనులు. పట్టాలు వారి పేర నుండుట యరుదు. ఏడాదికి కుదిరిన పాలేరు ధాన్యపు జీతమునకు లోబడి యుండెను. కోతలు తీరినంత కూలివారు కాకినాడనుండి పడవ లెక్కి రంగూను చేరి, బియ్యపు మరలలోను రేవులోను బరువులు మోసిరి. ఆంధ్రదేశమందెల్ల సంపన్నమని పేరొందిన సీమనుండియే యిందరు పరదేశపు కూలికి బోవుట విపరీతముగ దోచును గాని, భూమి లేనివానికి నది తల్లియైన నేమి, మేఘము తల్లియైన నేమి?

బర్మాలో వీరిని కొరంగీలనిరి. కోరంగి రేవు నాటికి పూడి పాడుబడినను గ్రామనామము జననామమై సముద్రమునకు ఆవల నిలిచెను. ఇట్టి యర్థపరిణామములు భాషలలో సామాన్యములే. కాని మాదాపోలము వస్త్రమునకు పేరై గౌరవము పొందగా, కోరంగి తిట్టునకు దగ్గరి పేరయ్యెను. 1930 మే నెలలో రంగూను రేవు పని విషయమై బర్మీయులకును తెలుగు కూలీలకును పోరు రేగి పలువురు హతులైరి. 1942 లో జపానుసేన వచ్చినపుడు ఓడలలో చోటు దొరకని కొరంగీలు ఆరకాను కొండల మీదుగా కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. వారిలో అనేకులు త్రోవలోనే మరణించిరి.