అక్షరరేఖలు: ఓనమాలనుండి శాసనపఠనమువరకు

చీనా బాలుడు వ్రాత నేర్చునపుడు అక్షరముకంటె ముందు గీతను నేర్చును. అడ్డగీత, నిలువుగీత, చుక్క, కొక్కెము మున్నగువానికి పేర్లున్నవి. ఏది ముందు, ఏది వెనుక అను నియమమును కలదు. 'శాశ్వతము' అను అర్థముగల 'యోంగ్' అను నొక్క అక్షరమున ఎనిమిది గీతల మెలకువలు ఇమిడియున్నవని వారి లేఖన సంప్రదాయము చెప్పును. మన లిపికి అట్టి శిక్షణ లేదని కొందరు తలంతురు. అది సగమే సత్యమని మా అభిప్రాయము.

మన బాలుడు ఇసుకలోనో, బియ్యములోనో ఓనమాలు దిద్దెడివాడు. దిద్దుటయనగా గురువు వ్రాసిన గీతవెంట వ్రేలిని నడపుటయే. గుణింతమునకు వచ్చుసరికి తలకట్టు, గుడి, కొమ్ము అను పేర్లు వినవచ్చును. ఇవి ధ్వనుల పేర్లు గావు, ఆకారముల పేర్లు. 'కి' వ్రాయునపుడు తలకట్టు తొలగి గుడి నిలుచును. 'కు' వ్రాయునపుడు తలకట్టు ఉండగనే కొమ్ము చేరును. 'పు', 'వు'లలో కొమ్ము అక్షరము క్రిందినుండి మొదలగును. ప్రక్కనే చేర్చినచో 'వు'నకును 'మ'కును భేదము తెలియుట కష్టము. కావున గీత ఎచట మొదలగుననునది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు.

ఈ జ్ఞానము శాసనపఠనమున మరల అక్కరకు వచ్చును. హనుమకొండ వేయిస్తంభముల గుడియందలి రుద్రదేవుని శాసనము క్రీ. శ. 1163 నాటిది. దాని లిపి తెలుగు కన్నడములకు ఉమ్మడియైనది. అచ్చుపుస్తకముల అక్షరములకు మాత్రమే అలవడిన కన్ను అచట తడబడును. ప్రాచీన శాసనములందు అడ్డముగా నుండిన తలకట్టు తరువాతి కాలమున తెలుగున పైకి విరిగి నేటి రూపము దాల్చినది. కన్నడమున అడ్డముగనే సాగినది. ఎత్వ ఒత్వములకు హ్రస్వదీర్ఘ భేదమును గీతచే చూపుట శాసనములలో సామాన్యముగ లేదు. ఈ సంగతి నెరుగని పాఠకుడు లేఖకుడు పొరబడెనని తలంచి, లేని దోషమును దిద్దును. అట్లు దిద్దిన పాఠమే ముందువారికి ప్రమాణమగు ప్రమాదము కలదు.

శాసనపు నకలుపై పలుచని కాగితము నుంచి, గీతవెంట కలమును నడపుమని మేము విద్యార్థులకు చెప్పుచుందుము. చేయి ఆగినచోటనే సందేహము బయటపడును. కన్ను ఊహతో దాటిపోవు ఖాళీని చేయి దాటజాలదు. శిల్పి ఉలికి ముందు లేఖకుని చేయి నడచినదని అపుడు వారికి బోధపడును. తాటాకుపై గంటముతో వ్రాసిన ప్రతులకును ఈ పద్ధతియే తగును.

నేడు మీట నొక్కినంతనే పూర్తియైన అక్షరము తెరపై వెలయుచున్నది. గీత పుట్టుక కనబడుట లేదు. అందుచేత లిపిశాస్త్ర బోధన అక్షరముల పట్టికతో గాక, దిద్దుటతో ఆరంభము కావలెనని మా మనవి. పరిశోధకునకును ఓనమాలు అవసరమే.