ఇద్దరు ఎలెనాలు

వెనిస్‌లో రియాల్టో వంతెన దగ్గర, కా లొరెదాన్ భవనం ముందు మా గైడ్ ఆగాడు. గోడమీద ఫలకం చూపిస్తూ, డాక్టరేట్ పొందిన తొలి మహిళగా పేరొందిన ఎలెనా కొర్నారో పిస్కోపియా ఇక్కడివారేనన్నాడు. అందరం ఫొటోలు తీసుకున్నాం. 1678లో పాదువాలో ఆమెకు దక్కింది తత్వశాస్త్రంలో పట్టా. ఆమె కోరింది దైవశాస్త్రం. ఆడదానికి అది తగదని బిషప్ అడ్డుపడ్డాడు. ఈ ముక్క గైడ్ చెప్పలేదు.

"మరి తరబొత్తి మఠం ఎటు?" అని అడిగాను. "అది మన రూట్లో లేదు" అన్నాడు.

ఆమె అసలు పేరూ ఎలెనాయే. 1604లో ఇదే ఊళ్ళో పుట్టింది. ఆ ఇంట్లో ఆడపిల్లలు చాలామంది. పెళ్ళి కట్నంతో పోలిస్తే మఠానికి చెల్లించే కట్నం చాలా తక్కువ. అందుకే కాస్తెల్లో పేటలోని సంత్ అన్నా మఠానికి పంపేశారు. సిస్టర్ అర్కాంజెలాగా మారి, 1652లో చనిపోయేదాకా అక్కడే ఉంది. తండ్రుల దౌర్జన్యాన్ని నిలదీస్తూ ఆమె రాసిన పుస్తకం 1654లో, అదీ పేరు మార్చుకుని, అచ్చయింది. తర్వాత చర్చి దాన్ని నిషేధించింది.

ఒక ఎలెనాని తండ్రే పట్టుబట్టి చదివించాడు. ఇంకో ఎలెనాని తండ్రే మఠంలో పెట్టాడు. రెండుచోట్లా నిర్ణయం తండ్రిదే. నా పిహెచ్‌డి రోజుల్లో "ఆ డబ్బు కట్నానికి దాచొచ్చుగా" అని మా నాన్నకి సలహా చెప్పిన బంధువులు గుర్తొచ్చారు. నాన్న వినలేదు. వినుంటే?

గుంపుని వదిలి కాస్తెల్లో వైపు ఒక్కదాన్నే నడిచాను.