తాత భర్మారుకు ధరెంత?

మొన్న గోల్నాకలో ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మా తాత భర్మారు తుపాకీకి అమెరికా వించెస్టర్ లెక్క లక్షలొస్తయా?"

రావు. 1897 మోడల్ వించెస్టర్ మీద నంబరుంటది, దాన్నిబట్టి ఏ ఏడాదిదో తెలుస్తది. మన భర్మార్లు చాలామట్టుకు ఊరి కమ్మరి చేతిపని, నంబరెక్కడిది? మూతిలకెళ్లి మందు పోసి, చువ్వతో కూరి, టోపీ పెట్టి పేల్చాలె. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరట్ల వచ్చింది.

పందుల నుంచి చేను కాసింది అదే. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమురయ్య ఒరిగినంక, సంఘం దళాల చేతులకొచ్చిన ఆయుధాల్లో అదీ ఒకటి. 1959 ఆయుధాల చట్టం కూడా పంట కాపలాకు ఇట్లాంటి తుపాకీని పేరుపెట్టి చెప్పింది. కానీ లైసెన్సు కావాలె. పేలే తుపాకీ తాతదైనా సరే, కాగితం లేకుంటే నేరమే.

"ధర తర్వాత, ముందు తాత లైసెన్సు వెతుకు తమ్మీ" అని చెప్పిన.